బార

గోపాల్‌పూర్ దీపస్తంభం ఆఫీసులో
అద్దం వెనక ఒక సముద్రం ఉంది.
చెదలు తిన్న మూల వదిలేస్తే
కింద పేరు ఇంకా చదవొచ్చు: లెఫ్టినెంట్ విన్‌కూమ్.
మా నోలియా వీధిలో ఆయన వినుకొండ దొర.
విన్నాడు మరి. విన్నదల్లా రాసుకున్నాడు.

చెప్పినవాడు బడే బైరాగి, మా అమ్మమ్మకి తాత.
మేకు లేని పడవ, కొబ్బరితాడుతో కుట్టిన పలకలు.
మూడో కెరటం విరిగేదాకా ఆగి
నాలుగోదాని వీపెక్కించి
దొర బూట్లు తడవకుండా ఒడ్డున దించేవాడు.
సీసపు గుండుకి కొవ్వు పూసి దొర అడుక్కి వదిలితే
దానికంటుకొచ్చిన ఇసకని బైరాగి నాలిక్కి రాసుకుని
"రుషికుల్య నోటి ఇసక బాబూ, తొమ్మిది బారలుంటాది" అనేవాడు.
తాడు కూడా తొమ్మిదే అనేది.

బార అంటే చాచిన రెండు చేతులు.
ఎవరి చేతులో పటం చెప్పదు.

తర్వాత దొర ఎదిగాడు.
హోదాల పేర్లు మావాళ్లకి తెలీవు,
కోటు చేతిమీద బంగారు చారలు లెక్కెట్టేవాళ్లు.
పటం గీసినప్పుడు రెండు.
రంగూనుకి కూలోళ్లని ఎక్కించే రోజుల్లో మళ్లీ వచ్చాడు, మూడు.
నాలుగప్పుడు మనిషి రాలేదు;
ఏడెన్ నుంచి ఒక ఇత్తడి బొత్తాం వచ్చింది, ఉత్తరం ముక్క లేకుండా.
అమ్మమ్మ అది మొలతాడుకి కట్టుకుని పెరిగింది.
ఆఖరుసారి అరచేతి వెడల్పు చార, తెల్ల ఓడ.
ఒడ్డుకి దిగలేదు.
పదమూడు ఫిరంగులు పేల్చారు.
ఆ చప్పుడికి చేపలన్నీ లోతుకి పోయాయని
బైరాగి తిట్టిన తిట్టు
మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

పటం నిండా చీమల్లా అంకెలు.
ఒక్క చోట లేవు. బొటనవేలంత ఖాళీ.
"పొరపాటై ఉంటుంది" అంటాడు ఒడియాలో గుమస్తా మహాంతి బాబు.
నేను తలూపుతాను.

నిన్న తెల్లారగట్ల
విరిగిన రేవు స్తంభాలు వెనకపడ్డాక
మహేంద్రగిరి భుజం, దీపస్తంభం
ఒకే గీతలోకి వచ్చేదాకా పోయి ఇంజను ఆపాను.
తాడు వదిలాను.
మూడున్నర. నా చేతులతో.
అడుగున పార, పార మీద వంజరాలు.
ఓడకి అడ్డమొచ్చేంతది కాదు,
మా ఇంటికి చాలినంతది.

పోయిన నెల కొత్త పోర్టు సర్వేవాళ్లు
తెరలున్న పడవేసుకుని ఇటే తిరిగారు.
ఎవర్నీ ఏమీ అడగలేదు.

వినుకొండ దొర అడిగాడట.
వేలు చాపి, "మరి అక్కడ?"
బైరాగి తెడ్డు కొంచెం పక్కకి తిప్పి
"ఏటీ లేదు బాబూ. ఉత్త నీళ్లు" అన్నాడట.

అదీ విన్నాడు.