అస్తరు

గిస్లేన్ దెల్‌క్రూజ్, డెబ్భై ఒకటి.
రూబే ఊళ్లో ముప్పై నాలుగేళ్లు మగ్గాల మోతలో బతికింది,
అందుకే గట్టిగా మాట్లాడుతుంది,
గుసగుసగా చెప్పాల్సినవి కూడా.

"ఏం చిరిగిందో నాకర్థమయ్యేలా చెప్పు" అంది.
స్కాన్ బొమ్మ పక్కన పెట్టి
కొక్కేనికున్న ఆమె కోటే తీశాను.
లోపల అస్తరు చిరిగితే
చెయ్యి స్లీవు దారి తప్పి
గుడ్డకీ గుడ్డకీ మధ్యకి దూరుతుంది కదా,
మీ నెత్తురు మూడేళ్లుగా అలా దూరుతోంది.
దొంగదారి ఉబ్బింది.
అసలు దారి నలిగి రిబ్బనంత అయింది.

ఆమె కోటు లాక్కుని కుట్టు చూసింది.
"చేతకానివాడు కుట్టాడు."
కోటుని అందో, దేన్ని అందో.

తెల్లారి లిల్ ఆస్పత్రిలో
సీసపు అంగీలు తొడుక్కున్నాం.
డాక్టర్ వెర్మెర్ష్ పక్కబల్ల మీద స్టెంటు విప్పాడు,
వంకర తీగల మీద పాలిస్టర్ గుడ్డ.
నేను స్కేలు పట్టాను.
గడియారం ముల్లులా కొలతలు:
పన్నెండుకి పేగుల నాళం,
పదింటికి కుడి కిడ్నీ,
మూడున్నరకి ఎడమది,
దొంగదారిలోంచి తాగేది అదొక్కటే.
ఎర్రగా కాలిన మొనతో బెజ్జం పెట్టాడు.

కాలిన పాలిస్టర్ వాసన.
కబీలియా కొండలు దిగి వచ్చిన మా నాన్న
మిల్లు నుంచి ఒంటి మీద మోసుకొచ్చేవాడు దీన్ని.
అమ్మ ఆ చొక్కాలు విడిగా ఉతికేది.
మాస్కు లోపల
ఒక్క క్షణం నాకు ఎనిమిదేళ్లు.
"తస్సదిత్, దారం."
ఇచ్చాను.

గజ్జలోంచి తీగ పైకెక్కింది.
ఎడమ కిడ్నీకి వేరే దారి లేదు,
పొరలోని పాత చిరుగులోంచే పోవాలి.
నలభై నిమిషాలు తీగ జారుతూనే ఉంది.
డాక్టరు తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
ఆఖరికి తెర మీద రంగు పాకి
చిక్కుడుగింజంత నీడ నల్లబడింది, విప్పారింది.
దొంగదారికి కింద బిరడా వేసేసరికి
మధ్యాహ్నం దాటింది.

గుడ్డ కప్పిన చోట వెన్నుపాము దాహంతో ఎండొచ్చు,
ఆ భయం ఎవరూ పైకి అనరు,
కాలివేళ్ల దగ్గర నిలబడతారు, అంతే.
కుడివి కదిలాయి.
ఎడమవి కదల్లేదు.
రక్తపోటు పెంచి, నడుములో గొట్టం సరిచేసి
కూర్చున్నాను.
రాత్రి తొమ్మిదింటికి బొటనవేలు
దుప్పటిని ఒక్క నూలుపోగంత లేపింది.

ఆమె కళ్లు తెరవలేదు.
"అంగుళానికి ఎన్ని పోగులు?
పడుగెంత, పేకెంత?"
తెలీదన్నాను.
"నా లోపల పెట్టారుగా, కనుక్కో"
అంది, వార్డంతా వినబడేలా.