నలభై ఏడో పేజీ

ట్బిలిసీలో ఎండు వంతెన మీద సంత.
సమోవార్లకీ సైన్యపు పతకాలకీ నడుమ
నుగ్జార్ పరిచిన దుప్పటి, దాని మీద పుస్తకాలు.

ఎతెరి మెట్రో రైళ్ళకి బ్రేకులు బిగిస్తుంది.
గోళ్ళ నిండా గ్రీజు. అందుకే ఆ పుస్తకాన్ని
మణికట్లతో ఎత్తింది, పొయ్యి మీంచి గిన్నె దించినట్టు.
తేనెటీగల పెంపకం. అట్ట మూల
ఏ పురుగో రుచి చూసి వదిలేసింది.

"ధర తరవాత. ముందు పేజీలు లెక్కపెట్టు,"
పొద్దుతిరుగుడు పొట్టు ఊస్తూ అన్నాడు నుగ్జార్.
నలభై ఆరు. ఆ వెంటనే నలభై తొమ్మిది.
విషయసూచిక తిరగేస్తే, చిరిగిన ఆకులో ఉండాల్సింది
ఎగిరిపోయిన పట్టును వెనక్కి పిలిచే పద్ధతి.

"లోపమున్నది కొనకు. మొదటి పాఠం."
కొనేసింది.
తేనెటీగ ముఖమే ఎరగని మనిషికి
ఆ రాత్రి నిద్ర లేదు.

పదకొండు నెలలకి కుతైసీలో రెండో ప్రతి.
సగం జీతం.
ఆకు ఉంది, పక్క ఆకులకి అతుక్కుపోయి.
ముక్కు దగ్గర పెట్టుకుంది: వచ్చీ రాని తీపి.
అయితే ఎవరో దీన్ని తెరిచి పట్టుకుని
నిజంగానే చెట్టు కింద నిలబడ్డారన్నమాట.

చాకు వద్దు, ఆవిరి పట్టు, అన్నాడు నుగ్జార్.
ఇంకా పట్టలేదు.
మూడో ప్రతి ఎక్కడైనా ఉందా అని
అందర్నీ అడుగుతోంది.