డెబ్బై దగ్గర

కరెంటొచ్చిన పావుగంటకి తవిటమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి ఫొటో తీసింది, పోస్టుకార్డులో సగం.
గుణుపురం టేసను ఎదురుగా, చిన్నబండి నడిచే రోజుల్లో
ఎవడో రైల్వే కుర్రాడు తీశాడట:
టీకొట్టు తలుపుచెక్క ఎత్తుతూ వాళ్లమ్మ.
చెయ్యి ఒక చెయ్యిలా లేదు, మూడు చేతుల పొగ.
వెనక బోర్డు. బోర్డు మీద గుండ్రాలు.

"మొకం సాపుగా రావాల బాబూ.
బోర్డు మీద ఏటి రాసుందో అదీ సెప్పాల.
తెలుగని నా తమ్ముడు, ఒడియా అని మరదలు,
ముప్పై ఏళ్ల తగువు."

స్కాన్ చేసి గీటుని కుడికి లాగాను.
ఇరవైకి చీర అంచు తేలింది.
నలభైకి ముక్కుపుడక.
డెబ్బై దగ్గర కనురెప్పలకి వెంట్రుకలు మొలిచాయి,
ఫొటోలో లేనివి,
ఎవరెవరి ముఖాల నుంచో చందా వసూలు చేసినట్టు.

అక్షరాలూ కుదురుకున్నాయి.
ఒకదానికి తలకట్టు, ఒకదానికి ఒడియా గొడుగు,
మూడోది రెండూ కాదు.
ఏ బడిలోనూ ఎవరూ దిద్దని అక్షరం,
ఎంత దిట్టంగా నిలబడిందో!
రెండు బళ్లలోనూ చదివినవాణ్ణి,
కూడబలుక్కున్నాను. నోరు తిరగలేదు.
మసకలోనే నయం,
రెండు భాషలూ ఒకే సున్నాలో సర్దుక్కూర్చున్నాయి.

తవిటమ్మ తెర మీదికి వంగింది.
"అమ్మోరి మచ్చలేవీ?"

దుమ్మనుకుని తుడిచేసింది మిషను.

"నాకు ముందు ఇద్దర్ని అట్టుకుపోయి
మాయమ్మ మొకమ్మీద సంతకమెట్టి వొదిలేసినాది అమ్మోరు.
అందుకే నన్ను తవుడుకి అమ్మి మళ్లీ కొన్నాది.
ఆ మచ్చల్లేపోతే నా పేరేటి మరి?"

ఎక్కడెక్కడ ఉండేవని అడిగాను.
తన చెంప మీదే వేలు పెట్టి చూపించింది,
ఇక్కడ, ఇక్కడ, ఈ దవడకి కాస్త ఎక్కువ.
ఒక్కోటే దిద్దుతూ పోయాను.
పదో చుక్క దగ్గర చెయ్యి ఆగింది.
అమ్మోరి పని నేను చెయ్యడమేంటి.

ఆవిడ కళ్లద్దాలు తీసింది.
వెనక్కి నడిచి గుమ్మానికి ఆనుకుని,
శుక్లాలు ముసిరిన కళ్లు చికిలించి
చాలాసేపు చూసింది.
"ఆఁ. ఇప్పుడొచ్చినాది."

"బోర్డు సంగతి మాత్రం తేల్లేదమ్మా."

"తేల్చకు నాయనా.
ఆ మొగుడూ పెళ్లాలు మాటాడుకునేది అదొక్కటే."

ప్రింటు ఆరేదాకా చేత్తో విసిరి,
ఫొటో ఉన్న ముడిలో కళ్లద్దాలు కట్టుకుని
మెట్లు దిగింది.