అరవై మాటల్లో ఇల్లు

అరవై మాటలు దాటకూడదన్నాడు సెల్వమణి.
"నీళ్ళు అన్న మాట ఎక్కడా రాకూడదు మేడమ్,
మెట్రో వాటర్ అని తప్ప."
అతనిది తమిళం కలిసిన తెలుగు,
నాది తెలుగు కలిసిన తమిళం.
మధ్యలో ఎక్కడో బేరం కుదురుతుంది.

రాత్రి పదకొండింటికి అంట్లు తోమేసి
తడి ఆరని వంటింటి గట్టు మీదే కూర్చున్నాను.

మడిపాక్కం. గ్రౌండ్ ఫ్లోర్. రెండు బెడ్‌రూములు.
తూర్పు ముఖం.
ఇది నిజమే. పొద్దున ఏడున్నరకి ఎండ
నేరుగా వచ్చి పాలగిన్నెని పలకరిస్తుంది.
అలా రాస్తే ఒప్పుకోడు. చదరపు అడుగులు రాయమంటాడు.
ఎనిమిది వందల నలభై.
అందులో ఓ నాలుగడుగులు తలుపు వెనక మూల,
చీపురు తప్ప ఇంకేదీ పట్టని మూల,
ఆఫీసులో మాట పడి వచ్చిన రోజున
నేను వెళ్ళి నిలబడే మూల.
దానికీ అదే రేటు కట్టాడు.

గాలీ వెలుతురూ ధారాళం అని రాశాను.
వెలుతురులో ఎదురింటి వాళ్ళ ట్యూబ్‌లైటుదే సగం.
స్టేషన్‌కి పది నిమిషాలు అని రాశాను.
ఆ పది నిమిషాలూ సెల్వమణివి:
అతని బండి మీద, ఆదివారం, తెల్లవారుజామున.

తర్వాత గోడ దగ్గర ఆగిపోయాను.

మా ఇంట్లో ప్లగ్గులన్నీ నా భుజం ఎత్తున ఉంటాయి.
ఛార్జింగుకి పెట్టిన ఫోను
మేకుకి తగిలించిన గుడ్డసంచీలో నిద్రపోతుంది.
ఇస్త్రీపెట్టె వైరు గాల్లో దండెంలా సాగుతుంది.
ఆ డిసెంబరు తర్వాత ఎలక్ట్రీషియన్ ముత్తు
గోడలు తొలిచి ఒక్కొక్కటీ పైకి జరిపాడు.
ఎంత ఎత్తక్కా అని అడిగితే
మాట్లాడకుండా గోడ మీద బురద గీత చూపించాను.
దానికి మూరెడు పైన గుర్తు పెట్టుకున్నాడు.
ఆ గీత మీద మూడుసార్లు రంగు వేయించాను.
లేత పసుపు. డబ్బా మీద పేరు 'ఉదయ కాంతి'.
రంగులకి పేర్లు పెట్టేవాడు కూడా
నాలాగే ఏ గట్టు మీదో కూర్చుని రాసి ఉంటాడు.

"ఆధునిక విద్యుత్ ఏర్పాట్లు అని పెట్టేయండి మేడమ్."
ఆ గొంతులో మోసమేం లేదు.
రెండు శాతం కమీషన్ ఉంది,
కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు ఉంది.
పెట్టాను. మొదటినించీ చదువుకున్నాను.
ఎంత బావుందంటే, శ్రీసిటీకి బదిలీ మానుకుని
ఈ ఇల్లు నేనే కొనుక్కునేలా ఉన్నాను.
ఆ ఇంట్లో ఎవరూ
భోజనాల బల్ల మీద స్టూలు, స్టూలు మీద బియ్యం బస్తా ఎక్కించి
మెట్ల మీద కూర్చుని, టార్చి ఆర్పుతూ వెలిగిస్తూ
తెల్లారేదాకా దాన్నే చూడలేదు.

కొట్టేశాను.

లెక్కపెడితే ఇంకా పది మాటలు మిగిలాయి.
"ప్లగ్ పాయింట్లు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి.
ఎందుకో వచ్చి అడగండి, చెబుతాను."

సెల్వమణి రెండు రోజులు నా ఫోను ఎత్తలేదు.
నా ఫోనూ సంచీలోంచి కదల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరో ఒకావిడ.
పేరు చెప్పలేదు. వెనకాల కుక్కర్ కూస్తోంది.
ధర అడగలేదు, వాస్తు అడగలేదు.
"మీకు మెట్లు ఎన్ని మునిగాయి?" అంది తమిళంలో.
"ఐదు," అన్నాను.
కుక్కర్ ఇంకోసారి కూసింది.
"ముడిచూరులో మాకు తొమ్మిది.
ఆదివారం వస్తాం. టేపు తెచ్చుకుంటాను.
మా ఫ్రిజ్ వైరు పొట్టిది."