మూడు సీసాలు

వాళ్ళు కొన్నది మూడు సీసాలు.
అరలీటరువి. ఫ్రిజ్‌లో పై అరలోంచి.
ఈ సంగతి సార్జెంటుకి చెప్పాను,
రాసుకున్నాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

అడిగేవన్నీ వేరే.
ఆ ఆలుమగలు పోట్లాడుకుంటూ వచ్చారా?
అతని చేతిమీద గాయమేమైనా?
వెనకాలే ఇంకో కారు?
నేను ఉల్లిపాయలు తూచేదాన్ని,
మనుషుల్ని కాదు.

ఉత్తరాదివాళ్ళు. బిల్బావో నుంచి.
ఏడాదిలో సగం గొడుగు కింద గడిచే ఊరు.
ఆమె (మైతే అని తర్వాత తెలిసింది)
నా గుమ్మంలో నిలబడి, మొహం పైకెత్తి,
కళ్ళు మూసుకుంది,
ఎన్నాళ్ళకో వచ్చిన చుట్టాన్ని కావలించుకున్నట్టు.
మాకు పెన్యాసెకాలో ఆగస్టు ఎండంటే
తలుపులు బిగించి, గొంతులు తగ్గించి
అది వెళ్ళిపోయేదాకా కూర్చోవడం.

పిల్ల నెరెయా. తొమ్మిదేళ్ళు.
నిమ్మకాయ పుల్లఐసు కొనుక్కుంది, సొంత డబ్బుతో.
పెద్ద నాణేలు కింద, చిన్నవి పైన పేర్చి
బల్లమీద గోపురం కట్టింది.
"ఇంకో రెండు సీసాలు?" అన్నాను.
అన్నానా?
పగలు, అన్నాననే ఉంటుంది.
రాత్రయితే అన్నట్టుండదు.
"బరువు" అన్నాడు తండ్రి, అదైతే విన్నాను.
నేను అడక్కపోతే ఆ మాట ఎందుకంటాడు?
పిల్ల ఎత్తుకోమందేమో.

మూడోరోజు మేకలు తోలుకెళ్ళి
ఫుల్హెన్సియో చూశాడు.
వంపు దగ్గర తండ్రి, రాతికి ఆనుకుని.
పక్కన పిల్ల,
నెత్తిమీద తండ్రి టోపీ, దానిమీద తల్లి టోపీ.
తల్లి ఇంకా పైన, ఊరివైపు,
సిగ్నలు లేని ఫోను పట్టుకుని.

సాయంత్రానికల్లా బార్‌లో కథలు.
పాత సీసపు గనిలోంచి గాలి అన్నాడు మంగలి.
ఊటనీళ్ళలో పాచి అంది పంతులమ్మ.
బీమా, ఇంకో ఆడది, మందుకొట్టిన వేటగాడు.
ఈ ఊరి మొహం ఎరగనివాళ్ళు
ఎక్కడో కూర్చుని పటాలు గీసి
ఏ రాతి దగ్గర ఏం జరిగిందో మాకే చెప్పారు.
నిప్పు లేనిదే పొగ రాదన్నారు అందరూ.
ఆ రోజు కొండంతా పొగ లేని నిప్పు.
దాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

అక్టోబరులో కాగితం వచ్చింది.
ఎండ. దాహం.
బార్‌లో కాసేపు గ్లాసుల చప్పుడు కూడా లేదు.
"అంతేనా?" అన్నాడెవడో,
సంతలో మోసపోయినవాడిలా.

హంతకుడైతే ఎక్కడివాడో అయ్యుంటాడు.
ఎండ మా దండెంమీద దుప్పట్లు ఆరేస్తుంది,
మా టమాటాలకు రంగేస్తుంది.
దాన్ని అనుమానించడం మొదలుపెడితే
పొద్దున్నే తలుపు తీసేదెలా?
అందుకే అందరూ మళ్ళీ గని దగ్గరికే వెళ్ళారు.

నేనూ వెళ్ళాను, దాచడమెందుకు.
విషవాయువే అయితే
నా ఫ్రిజ్ నిర్దోషి.
మంగలి చెబుతుంటే
రెండుమూడుసార్లు తలూపాను కూడా.

ఇప్పుడు ఆ చోటు చూడ్డానికి వస్తున్నారు.
నిన్నొక కుర్రాడు, మెడలో కెమెరా.
"అసలేం జరిగిందంటారు, సెన్యోరా?"
జవాబు చెప్పలేదు.
ఆరు సీసాలు తీసి వరసగా పెట్టాను,
డబ్బులొద్దన్నాను.
నవ్వాడు. ఒకటి తీసుకున్నాడు.
"బరువు" అన్నాడు.

గంట పదకొండు.
తలుపు మూయకుండా నిలబడ్డాను
అతను వంపు తిరిగేదాకా,
తిరిగాక కూడా.