అరువు గొంతు

సాలిగ్రామంలో, పాల బూత్ ఎదురు సందులో
మేడ కింద అద్దాల గది.
ఏసీ ఆపేస్తే మాటలు మొదలవుతాయి.
ఇరవై రెండేళ్ళుగా అక్కడ నల్లవాళ్ళకి నేనే తెలుగు.

పట్టాభి చెప్పేవాడు:
"వీడు న్యూయార్క్ సందుల్లో పొడి అమ్ముతాడు,
గొంతులో గులకరాళ్ళు వెయ్యి."
వేశాను.
"వీడు జైల్లోంచి వచ్చాడు."
ఇంకో గుప్పెడు వేశాను.
"వీడు మొదటి రీల్లోనే చస్తాడు, పేరు లేదు."
పేరు లేనివాడి కేకకి నాలుగొందలు.
అదే బొమ్మలో తెల్ల డాక్టరుకి
రఘునందన్ వచ్చేవాడు, జేబురుమాల్లో లవంగాలు చుట్టుకుని,
మెత్తగా, రేడియోలో వార్తల్లా.

పెదవి మూసుకునే చోట మ పడాలి, ప పడాలి.
అది మా పని.
వాడు అక్కడ ఏమన్నాడో ఎవడిక్కావాలి,
పెదవికి అతికితే చాలు.
"మక్కెలిరగదీస్తా" అతికింది.
"పీక కోసి పారేస్తా" అతికింది.
ఒకసారి వాడు తల్లికి ఫోన్ చేస్తున్నాడు.
దానికీ గులకరాళ్ళే.

నేనూ నలుపే.
నాయుడుపేటలో మా నాయనమ్మ నన్ను
కాల్చిన వంకాయా అని ముద్దుగా పిలిచేది.
వేషానికి ఫోటో ఇస్తే, మేనేజరు అటూ ఇటూ తిప్పి
గొంతు బాగుందన్నాడు.
అలా మైకు వెనక్కి వచ్చాను.
ఎవరికీ కనపడని చోట నిలబడి
కనపడే నల్లవాడికి ఇంకో పూత వేశాను.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కనక
ఖాళీగా ఉన్న మా మేడమీది గదికి
రషీది వచ్చాడు. మ్వాంజాలో, సరస్సు ఒడ్డు బడిలో
లెక్కలు చెప్తాడట.
కూతురు నీమాకి గుండెలో కవాటం సరిగ్గా మూసుకోదట.
వడపళని ఆస్పత్రి వెనక మూడు లాడ్జీలు
గదుల్లేవన్నాయి,
తాళంచెవులు గోడకి వేలాడుతుండగానే.
కుసుమ నన్ను వంటింట్లోకి పిలిచి
"రాత్రిళ్ళు ఏం చేస్తారో, ఏమో" అంది.
ఎక్కడ విన్నావే అని అడగలేదు.
ఎక్కడ విందో నాకు తెలుసు.

అతని గొంతు సన్నం.
పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు మాట్లాడతాడు.

మెట్ల మీద మా మోక్షిత్, తొమ్మిదేళ్ళవాడు,
బియ్యం బస్తా మోసుకొస్తున్న అతన్ని చూసి
నడుం మీద చెయ్యి పెట్టి, గొంతు బొంగురు చేసి
"రేయ్, మాల్ ఎక్కడ దాచావ్?" అన్నాడు.
మాట నాది. విరుపు నాది.
ఎక్కడ ఊపిరి పీల్చాలో, అదీ నాదే.
మూడో టేకులో ఓకే అయింది, గుర్తుంది.
అతనికి తెలుగు రాదు.
పిల్లాడు పలకరించాడనుకుని
బస్తా దించి, నవ్వుతూ చెయ్యి చాపాడు.

నువ్వేం చేస్తావని ఇంగ్లీషులో అడిగాడు ఓ సాయంత్రం.
సినిమాల్లో చప్పుళ్ళన్నాను.
వాన, తలుపులు, గుర్రాలు.
అబద్ధం ఎంత తేలిగ్గా అతికిందో పెదవికి.

ఆపరేషన్ ముందురోజు నీమా గుర్రం కావాలంది.
నాలిక అంగిట్లో కొట్టి నడిపించాను.
ముందు మెల్లగా, తర్వాత మెట్లు దింపి,
తర్వాత ఇసకలో.
ఆ పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వింది.
ఇంకోసారి అంది.
మోక్షిత్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు,
లోపలికి రాలేదు.

తెల్లారి పట్టాభి ఫోను:
"రెండు రీళ్ళు, ఒక గ్యాంగు, నీ మార్కు గొంతు."
ఫీజు కట్టాలి. వెళ్ళాను.
తెర మీద అతను నోరు తెరిచాడు.
పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు చెప్పాను.
"ఏంటి గురువుగారూ, నిద్రొస్తోందా?"
అద్దం అవతల నవ్వారు.
"ఇంకోటి పోదాం."

ఎర్ర దీపం వెలిగింది.
పెదవులు మూసుకునే చోటు దగ్గరికొస్తోంది.