చుక్క

పలాసలో జీడిపిక్కల బట్టీ పక్క సందులో
డాష్‌బోర్డు విప్పి
అగ్గిపెట్టంత పెట్టె బిగించినాడు ముకలింగం.
"ఇది లేకుంటే కారు పోయినా పైసా రాదన్నా.
తీగె పీకితే పాలసీ పీకినట్టే."

సర్టిఫికెట్టు, సీలు, సంతకం.
ఇన్సూరెన్సు ఆఫీసులో మూడుసార్లు తిప్పి చూసి
ఫోన్ నంబరొకటి రాయమన్నారు.
నాది రాత్రయితే ఛార్జింగు ఉండదు.
దమయంతిది రాసినాను.

అప్పట్నుంచి ఆవిడ అరచేతిలో
నేనొక నీలం చుక్కని.
మందస దాటితే తెలుస్తాది,
టీకి దిగితే తెలుస్తాది.
నాకే గుర్తులేదు ఆ సంగతి.

మంగళవారం, శుక్రవారం
బరంపురం బాడుగని చెప్పి బయల్దేరేవోణ్ణి.
చుక్క మాత్రం సోంపేట ఆస్పత్రి వెనక
కొబ్బరిచెట్ల కింద
నాలుగు గంటలు కదల్లేదు,
లోపల నా రగతాన్ని ఒక మిషను
తిప్పి తిప్పి కడుగుతున్నంతసేపూ.

కారు ఎవడూ ఎత్తుకుపోలేదు.

ఇంటికొచ్చేసరికి
బియ్యండబ్బా మీద ఫోను, బోర్లా.
ఆవిడ ఏటీ అనలేదు.
కంచం పెట్టింది.

కూరలో ఉప్పు లేదు.
నేనూ అడగలేదు.